స్టీరింగు లేని బండ్ల తిరునాళ్ళు

పిల్లలూ,

పోయిన నెల మనం బావి గిలక గురించి చెప్పుకున్నాం. గిలక బొమ్మలు గీసి పంపిన వాళ్ళందరికీ నా దీవెనలు. ఈ నెల పాఠం మాత్రం నేను ఎంచుకున్నది కాదు. మా మనవడు తెచ్చిపెట్టినది.

వాడు మూడవ తరగతి చదువుతున్నాడు. సంక్రాంతి సెలవులకు పెద్దారవీడు వచ్చాడు. నేను పాత పత్రికలు దొంతర పెడుతుంటే, వాటిలో ఒక బొమ్మ వాడి కంట పడింది. చుట్టూ పచ్చని కొండలు. తెల్లవారే వేళ. కొండల పైన రంగురంగుల పెద్ద బెలూన్లు. ఒక్కొక్క బెలూను కింద ఒక బుట్ట, ఆ బుట్టలో మనుషులు!

వాడు ఆ బొమ్మను అటు తిప్పి ఇటు తిప్పి చూచి, "తాతయ్యా, దీనికి స్టీరింగు ఎక్కడుంది?" అని అడిగాడు.

"దీనికి స్టీరింగు లేదురా," అన్నాను.

"బ్రేకు?"

"అదీ లేదు."

"మరి వీళ్ళు అనుకున్న చోటికి ఎట్లా పోతారు?"

చూచారా, ఎంత మంచి ప్రశ్న వేశాడో! ఈ ప్రశ్నకు జవాబు పుస్తకాలలో ఉంది. కాని నేను నేర్చుకున్నది పుస్తకంలో కాదు. ఒక పిల్లవాడి దగ్గర నేర్చుకున్నాను. అది నాకు సిగ్గు కలిగించే కథ. అయినా చివర చెప్తాను. ముందు బెలూన్ల సంగతి చూద్దాం.

ఆ బొమ్మ మన అరకులోయది. విశాఖపట్నానికి వాయవ్యంగా, తూర్పు కనుమలలో, సముద్రమట్టానికి సుమారు 3,000 అడుగుల ఎత్తున ఉన్నది ఈ లోయ. 2017 నవంబరు 14న, అనగా మీ పండుగ అయిన బాలల దినోత్సవం నాడే, అక్కడ వేడిగాలి బెలూన్ల పండుగ మొదలై మూడు రోజులు జరిగింది. 13 దేశాల నుంచి 16 బెలూన్లు వచ్చాయి. 2019 జనవరిలో మళ్ళీ ఒకసారి జరిగింది. మన పొరుగున తమిళనాడులో, కోయంబత్తూరు దగ్గరి పొల్లాచ్చిలో 2015లో మొదలైన ఇటువంటి పండుగ 2025 సంక్రాంతికి పదోసారి జరిగింది. ఆ చుట్టుపక్కల తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి.

మార్కాపురంలో చెన్నకేశవస్వామి రథోత్సవం మీలో చాలామంది చూచే ఉంటారు. రథం ఎటు పోవాలో మోకు పట్టినవాళ్ళు నిర్ణయిస్తారు. బెలూన్ల తిరునాళ్ళలో మోకు పట్టేది గాలి. మనిషి ఊరికే బుట్టలో నిలబడి ఉంటాడు. అయితే ఇంత దూరం వచ్చి, ఇంత ఖర్చు పెట్టి, గాలి చేతిలో తమ ప్రాణాలు పెట్టడానికి వీళ్ళు ఎట్లా ధైర్యం చేస్తున్నారు? దీనికి 240 సంవత్సరాల చరిత్ర ఉంది.

ఫ్రాన్సు దేశంలో అనొనే అనే ఊరిలో మోంగోల్ఫియే సోదరులు ఉండేవారు. వాళ్ళది కాగితం తయారుచేసే కుటుంబం. పొగ పైకి పోవడం చూచి, "ఈ పొగను ఒక సంచిలో నింపితే సంచి కూడా పైకి పోదా?" అనుకున్నారు. గుడ్డతో పెద్ద సంచి కుట్టి, లోపల కాగితం అంటించి, కింద గడ్డీ, ఉన్నీ తగలబెట్టారు. 1783 జూన్ 4న ఊరి జనమందరూ చూస్తుండగా ఆ సంచి ఆకాశానికి లేచింది.

అదే సంవత్సరం సెప్టెంబరు 19న వెర్సాయి కోట ముందు, రాజుగారి ఎదుట మరొక బెలూనును వదిలారు. ఈసారి ప్రయాణికులు ఉన్నారు. ఎవరనుకున్నారు? ఒక గొర్రె, ఒక బాతు, ఒక కోడిపుంజు! మూడూ ప్రాణాలతో దిగాయి. కోడిపుంజు రెక్కకు మాత్రం దెబ్బ తగిలింది. "అయ్యో, పైగాలి పడలేదు కాబోలు" అని కొందరు భయపడ్డారు. బయలుదేరక ముందే గొర్రె దాన్ని తన్నిందని తరువాత చెప్పుకున్నారు. నవంబరు 21న పారిస్ నగరం మీదుగా మనుషులే ఎగిరారు. రోజియే అనే ఆయనా, దార్లాంద్ అనే సైన్యాధికారీ సుమారు 25 నిమిషాలు ఆకాశంలో ఉండి 5 మైళ్ళ దూరంలో క్షేమంగా దిగారు.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. బెలూనును కనిపెట్టిన ఆ అన్నదమ్ములకు అది ఎందుకు ఎగురుతున్నదో సరిగా తెలియదు! పొగలో ఏదో కొత్త వాయువు ఉన్నదనీ, అదే పైకి లేపుతున్నదనీ వాళ్ళు అనుకున్నారు. అది పొరపాటు. లేపేది పొగ కాదు, వేడి. గాలి వేడెక్కితే వ్యాకోచిస్తుంది. బెలూను కింద మూతి తెరిచి ఉంటుంది కనుక లోపలి గాలి కొంత బయటికి పోతుంది. లోపల మిగిలిన గాలి అంతే చోటున్న బయటి గాలి కంటె తేలిక. నీటిలో బెండు తేలినట్లు, చల్లగాలిలో వేడిగాలి తేలుతుంది.

"గాలికి బరువేమిటి?" అని మీరు అడగవచ్చు. పలక తీయండి, లెక్క చేద్దాం.

మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు ఉన్న పెట్టెలోని చల్లని ఉదయపు గాలి, అనగా 10 డిగ్రీల గాలి, 1.25 కిలోలు తూగుతుంది. 40 డిగ్రీల ఎండపూట గాలి 1.13 కిలోలు. 100 డిగ్రీలకు కాచిన గాలి 0.95 కిలో. నలుగురు ఎక్కే బెలూనులో సుమారు 2,200 ఘనపు మీటర్ల గాలి పడుతుంది. అది ఆరంతస్తుల మేడంత ఎత్తు ఉంటుంది.

ఇప్పుడు చూడండి. చల్లని ఉదయాన ఆ చోటు ఆక్రమించే బయటి గాలి బరువు 2,750 కిలోలు. లోపల కాగిన గాలి బరువు 2,090 కిలోలు. తేడా 660 కిలోలు. ఈ తేడాయే బెలూను మోయగల బరువు. గుడ్డ, బుట్ట, పొయ్యి, గ్యాసు సిలిండర్లు కలిపి 300 కిలోలు అనుకుందాం. ఇంకా 360 కిలోలు మిగిలాయి. ఐదుగురు పెద్దవాళ్ళు హాయిగా ఎక్కవచ్చు.

అదే బెలూనును మన మార్కాపురం వైపు ఏప్రిల్ నెల ఎండలో మధ్యాహ్నం ఎగరవేద్దామంటే? బయటి గాలి బరువు 2,486 కిలోలు. తేడా 396 కిలోలే. అందులో 300 సామానుకే పోయాయి. మిగిలిన 96 కిలోలలో ఒక్కడు ఎక్కితే చాలు, బుట్ట నిండినట్లే! అరకులోను, పొల్లాచ్చిలోను బెలూన్ల పండుగలు చలికాలంలో ఎందుకు పెట్టారో ఇప్పుడు తెలిసిందా? కొండల మీద గాలి ఇంకా పలచన కాబట్టి అరకులో ఈ లెక్క కొంత తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో పై తరగతుల పిల్లలు మీ మేష్టారిని అడగండి.

మళ్ళీ చరిత్రలోకి వద్దాం. తొలి ప్రయాణం చేసిన రోజియే, ఇంగ్లీషు చానల్ అనే సముద్రపు పాయను దాటాలని పట్టుపట్టాడు. పైన ఉదజని నింపిన బెలూను, దాని కింద వేడిగాలి బెలూను, రెంటినీ జోడించాడు. ఉదజని అంటే మనం ఈనాడు హైడ్రోజన్ అంటున్న వాయువు. నిప్పు తగిలితే భగ్గుమంటుంది. అనుకూలమైన గాలి కోసం ఆయన నెలల తరబడి కాచుకున్నాడు. 1785 జూన్ 15న బయలుదేరాడు. సముద్రం మీదికి పోయిన బెలూనును గాలి వెనక్కు తిప్పింది. బెలూను కూలింది. ఆయనా, తోటి ప్రయాణికుడూ మరణించారు. ఆకాశంలో మొదట ఎగిరినవాడే ఆకాశ ప్రయాణంలో మొదట ప్రాణం పోగొట్టుకున్నవారిలో ఒకడైనాడు.

మన గుంటూరుతో చుట్టరికం ఉన్న ఒక పెద్దమనిషి కథ కూడా చెప్పాలి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. దానిని చూడడానికి ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే శాస్త్రజ్ఞుడు గుంటూరు వచ్చాడు. హీలియం అనే మూలకం కథ ఆ గ్రహణంతోనే మొదలవుతుంది. రెండేళ్ళ తరువాత, 1870 డిసెంబరులో, మరొక గ్రహణం చూడవలసి ఉండగా ఆయన పారిస్‌లో చిక్కుకున్నాడు. శత్రుసైన్యం నగరాన్ని ముట్టడించింది. దారులన్నీ మూతపడ్డాయి. ఆయన ఏం చేశాడు? బెలూను ఎక్కి శత్రువుల తలల మీదుగా బయటపడ్డాడు! గుంటూరు ఎండలో గ్రహణం చూచిన మనిషి మరొక గ్రహణం కోసం గాలిని నమ్ముకున్నాడు.

వేడిగాలి బెలూన్లలో గడ్డి మంట ఆరితే ప్రయాణం ఆగేది. అందువల్ల అవి చాలాకాలం మూలపడ్డాయి. 1960 అక్టోబరు 22న అమెరికాలో ఎడ్ యోస్ట్ అనే ఆయన తన వెంటే ప్రొపేన్ గ్యాసు పొయ్యి పెట్టుకొని ఎగిరాడు. మీ ఇంట్లో వంట గ్యాసులో ఉండే వాయువులలో ప్రొపేన్ ఒకటి. గుడ్డ స్థానంలో నైలాను వచ్చింది. మంట పెంచితే పైకి పోవచ్చు. మంట ఆపి, తాడు లాగి, పై మూత తెరిస్తే వేడిగాలి పోయి కిందికి దిగవచ్చు. పైకి, కిందికి! మనిషి చేతిలోకి వచ్చినది అంతే. కుడికి, ఎడమకు తిప్పడం మాత్రం నేటికీ లేదు.

ఆ తరువాత పన్నెండేళ్ళకు పండుగలు మొదలైనాయి. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రంలో ఆల్బుకర్కీ అనే ఊరు ఉంది. 1972లో అక్కడి ఒక రేడియో స్టేషను తన 50వ పుట్టినరోజు చేసుకోవాలనుకున్నది. సిడ్ కట్టర్ అనే ఆయన పూనుకొని బెలూన్లను పిలిపించాడు. ఏప్రిల్ 8న ఒక అంగళ్ళ సముదాయం ముందు, బండ్లు నిలిపే జాగా నుంచి 13 బెలూన్లు లేచాయి. ఒక బెలూను ముందు పారిపోవాలి, మిగిలినవన్నీ దాన్ని తరమాలి. అది దిగిన చోటికి అందరికంటె దగ్గరగా దిగినవాడు గెలిచినట్లు. మన దొంగాటవంటిదే! మరుసటి ఏడు ఫిబ్రవరిలో వేడిగాలి బెలూన్ల మొదటి ప్రపంచ పోటీలు అక్కడే జరిగాయి. తరువాత పండుగను అక్టోబరు నెలకు మార్చారు. 13తో మొదలైన తిరునాళ్ళకు 2000లో 1,000కి పైగా బెలూన్లు వచ్చాయి. తరువాత నిర్వాహకులే ఆ సంఖ్యను తగ్గించారు. ఇంగ్లండులో బ్రిస్టల్, స్విట్జర్లాండులో షాతో-డే, జపానులో సాగా కూడా ఇటువంటి పండుగలతో పేరు పొందాయి.

ఆల్బుకర్కీయే ఎందుకు ఇంత పెరిగింది? అక్కడ గాలి అంతస్తులుగా వీస్తుంది. చల్లని ఉదయాలలో, నేలకు దగ్గరగా ఉన్న గాలి లోయ వెంబడి ఉత్తరం నుంచి దక్షిణానికి పోతుంది. దాని పైన ఉన్న గాలి దక్షిణం నుంచి ఉత్తరానికి పోతుంది. బెలూను ముందు కింది గాలిలో దక్షిణానికి పోతుంది. మంట పెంచి పైకి లేస్తే ఉత్తరానికి వెనక్కు వస్తుంది. మళ్ళీ దిగితే బయలుదేరిన చోటికే చేరవచ్చు. మా మనవడి ప్రశ్నకు ఇదే జవాబు. బెలూనుకు స్టీరింగు లేదు. ఏ ఎత్తున ఏ గాలి వీస్తున్నదో తెలుసుకొని, మనకు కావలసిన గాలి దగ్గరకు మనమే పోవాలి.

అక్కడ ఇంకొక మంచి ఆచారం ఉంది. తెల్లవారక ముందే, చీకటిలో, దీపాలు పెట్టుకొని కొన్ని బెలూన్లు ముందుగా లేస్తాయి. ఏ ఎత్తున గాలి ఎటు పోతున్నదో అవి చూపుతాయి. కింద మైదానంలో జెండా ఎగరవేస్తారు. ఆకుపచ్చ జెండా అయితే ఎగరవచ్చు. పసుపు అయితే ఆగాలి. ఎర్రజెండా అయితే ఆ పూటకు ఎవ్వరూ ఎగరకూడదు. వేలమంది జనం చలిలో కూర్చొని ఉన్నా సరే, ఎంత గొప్పవాళ్ళు వచ్చి ఉన్నా సరే.

ఈ ఎర్రజెండా సంగతి చదివినప్పుడల్లా నాకు 1990 ఫిబ్రవరి 28 జ్ఞాపకం వస్తుంది. అప్పుడు నేను మా వైపు ఒక బడిలో సైన్సు చెప్పేవాడిని. ఆనాడు జాతీయ విజ్ఞాన దినం. పిల్లలూ నేనూ కలిసి వారం రోజులు కష్టపడి పలచని కాగితాలు అంటించి, ఇంత పెద్ద కాగితపు బెలూను చేశాం. దాని కింద చిన్న మంట పెట్టి ఎగరవేయాలి. ఉదయం ఎనిమిది గంటలకని అనుకున్నాం. ముఖ్య అతిథి ఎక్కిన బస్సు ఆలస్యమైంది. ఆయన వచ్చేసరికి పన్నెండు దాటింది.

నేను బెలూను పట్టుకొని మైదానంలోకి పోతుంటే ఎనిమిదవ తరగతి పిల్లవాడొకడు వెంటబడ్డాడు. వాళ్ళది గొర్రెల మంద. సెలవు వస్తే వాడే తోలుకుపోయి మేపేవాడు. "ఇప్పుడొద్దు సార్," అన్నాడు. "పొద్దెక్కితే గాలి తిరుగుద్ది. సుడిగాలి లేస్తది. రేపు పొద్దున్నే ఎగరేద్దాం సార్."

నాకు కోపం వచ్చింది. అతిథి చూస్తున్నాడు. "గొర్రెలు కాసేవాడివి, నాకు గాలి పాఠం చెప్తావా?" అన్నాను. అందరూ నవ్వారు. వాడు తల వంచుకున్నాడు.

బెలూను లేచింది. చప్పట్లు కొట్టారు. అది కొబ్బరిచెట్టంత ఎత్తు పోయిందో లేదో, సుడిగాలి దాన్ని పక్కకు ఈడ్చింది. కాగితం అంటుకుంది. మండుతూ పోయి బడి వెనుక ఒక రైతు గడ్డివామి మీద పడింది. మేమంతా కేకలు వేస్తూ నిలబడి ఉన్నాం. అందరికంటె ముందు పరుగెత్తినవాడు ఆ పిల్లవాడే. భుజం మీది తుండు తీసి బావిలో ముంచి, మంట మీద కొట్టడం మొదలుపెట్టాడు. ఊరివాళ్ళు బిందెలతో వచ్చారు. వామి సగం మిగిలింది. సగం, అనగా ఒక జత ఎద్దులకు వేసవి మేత, బూడిద అయింది.

గడ్డి ఖరీదు నా జీతంలో నుంచి ఇచ్చుకున్నాను. అది తీరిన అప్పు. నా నోట వచ్చిన మాట సంగతి ఏమిటి? వారం రోజులు ఆ పిల్లవాడు తరగతిలో నా ముఖం చూడలేదు. సోమవారం నాడు నేను వాడిని బల్ల దగ్గరకు పిలిచి, "తప్పు నాదిరా. ఆ మాట అనకూడదు. ఈ పూట పాఠం నువ్వు చెప్పు" అని సుద్దముక్క చేతికిచ్చి, పోయి వాడి చోట కూర్చున్నాను. 

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా చెప్పాడు. తెల్లవారుజామున మంద లేచినప్పుడు దుమ్ము నిలువుగా లేస్తుందట. అప్పుడు గాలి నిద్రపోతున్నట్లు. పొద్దు బారెడు ఎక్కేసరికి దుమ్ము పక్కకు వాలుతుంది. మధ్యాహ్నం బీడు నేల మీద సుళ్ళు లేస్తాయి. పొద్దు వాలాక మళ్ళీ దుమ్ము నిలువుగా లేస్తుంది. నేను వాడి మాటలన్నీ వ్రాసుకున్నాను. కారణం పుస్తకం చెప్తుంది. ఎండకు నేల కాగుతుంది. బండనేల ఎక్కువగా, చెట్లున్న చోటు తక్కువగా. కాగిన చోట గాలి పైకి లేస్తే, పక్కగాలి ఆ చోటుకి తోసుకొని వస్తుంది. రాత్రి నేల చల్లబడితే ఈ గందరగోళం అణగిపోతుంది. అరకులో అయినా, ఆల్బుకర్కీలో అయినా బెలూన్లు తెల్లవారుజామునే ఎందుకు లేస్తాయో ఆ గొర్రెల కాపరి పిల్లవాడు ఏ బెలూను చూడకుండానే చెప్పాడు. ఆనాడు మా బడిలో ఎర్రజెండా వాడే. నేను దాన్ని చూడలేదు.

పిల్లలూ, గాలిని ఎవరూ తిప్పలేరు. కనిపెట్టి ఉండగలరు. కాచుకొని ఉండగలరు. వద్దన్న పూట ఆగగలరు. ఆ బెలూన్ల పండుగలు ఏళ్ళ తరబడి నిలిచినవి ఎగిరిన ఉదయాల వల్లనే కాదు, ఎగరకుండా ఇంటికి పోయిన ఉదయాల వల్ల కూడా.

ఇక ఈ నెల మీ పని. ఒక ఖాళీ సీసా మూతికి రబ్బరు బుడగ తొడగండి. అమ్మను గానీ నాన్నను గానీ పిలిచి, ఒక గిన్నెలో వేడినీళ్ళు పోయించి, ఆ సీసాను అందులో నిలబెట్టండి. బుడగ లేచి నిలబడుతుంది. చల్లనీళ్ళలో పెడితే మళ్ళీ వాలుతుంది. రెండవ పని: పది రోజులు పొద్దున, మధ్యాహ్నం, సాయంకాలం పొగ గానీ, దుమ్ము గానీ, ఆరవేసిన గుడ్డ గానీ ఎటు వాలుతున్నదో పలక మీద వ్రాసి, తరువాత కాగితం మీదికి ఎక్కించి మాకు పంపండి. ఊరి పేరు మరవకండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. పండుగలకు నిప్పు పెట్టి వదిలే కాగితపు దీపాలు బజారులో అమ్ముతున్నారు. వాటిని పిల్లల చేతికి ఇవ్వకండి. అవి ఎవరి వామి మీద పడతాయో వదిలినవాడికి తెలియదు. నాకు తెలుసు.

వచ్చే నెల మన మార్కాపురం పలక రాయి భూమిలో ఎట్లా పొరలు పొరలుగా తయారైనదో చెప్పుకుందాం. అంతవరకూ సెలవు.

మీ పాత మేష్టారు